డకార్ దిబీ: బొగ్గుల మీద పొట్టేలు మాంసం కాల్చడం ఎలా

ముందు మసాలా డబ్బా తీసుకెళ్లి అలమరలో పెట్టేయండి. అల్లంవెల్లుల్లి ముద్ద, పెరుగు, గరం మసాలా, పచ్చిబొప్పాయి, వీటిలో ఏదీ ఇవాళ అక్కర్లేదు. మాంసానికి ఉప్పు, కాస్త మిరియాల పొడి. కింద నిప్పు. పక్కన ఉల్లిపాయ, ఆవముద్ద. దిబీ అంటే ఇంతే.

"ఇంతేనా?" అంటారని తెలుసు. సెనెగల్ రాజధాని డకార్‌కి ఉద్యోగానికి వెళ్లిన కొత్తలో నేనూ అలాగే అనుకున్నాను. మనవాళ్ల చేతి రుచి చూపిద్దామని ఒక శనివారం రెండు కిలోల మాంసానికి రాత్రంతా పెరుగు, మసాలా పట్టించి డాబా మీద కుంపటి రాజేశాను. నిప్పు మీద పెట్టిన ఐదు నిమిషాలకే మసాలా మాడి నల్లటి పెచ్చు కట్టింది. లోపల మాంసం పచ్చిగానే ఉంది. కింద వాటాలో ఉండే ఇంటి యజమాని తల్లి ఒక ముక్క నోట్లో వేసుకుని, మర్యాదగా నమిలి, "బావుంది బాబూ, మాంసం ఏదీ?" అంది. ఆ తర్వాత ఆ వీధి చివరి దిబీ కొట్టు ముందు బెంచీ మీద కూర్చుని చాలా సాయంత్రాలు చూశాక తెలిసింది, ఆవిడ వెక్కిరించలేదని. కింద రాసింది అలా చూసి నేర్చుకున్నదే.

దిబీ అక్కడి వొలోఫ్ భాషలో మాట, కాల్చిన మాంసం అని. ఎక్కువగా గొర్రెదే. అది అమ్మే కొట్టుకు ఫ్రెంచివాళ్ల తోక తగిలించి దిబితెరీ అంటారు. డకార్‌లో మెదీనా, పికీన్, వాకామ్, ఎటు వెళ్లినా పొద్దు గూకాక పొగ వాసనే దారి చూపిస్తుంది. ఈ కొట్లు నడిపేవాళ్లలో నైజర్ నుంచి వచ్చిన హౌసా తెగవాళ్లు చాలామంది, మౌరిటానియా వాళ్లూ ఉంటారు. మెనూ ఉండదు. వేలాడుతున్న మాంసంలో మీకు కావలసింది చూపిస్తారు, అర కిలోనో కిలోనో తూస్తాడు, నిప్పు మీద వేస్తాడు. మీరు కూర్చుంటారు. అరగంట పట్టినా ఎవరూ విసుక్కోరు.

మాంసం కొనేటప్పుడు

మేక వద్దు, పొట్టేలే కావాలి. తేడా అంతా కొవ్వులో ఉంది. మేక మాంసం బక్కది, బొగ్గుల మీద ఎండి తోలులా అవుతుంది. పొట్టేలు కొవ్వు కరిగి నిప్పుల మీద బొట్టుబొట్టుగా పడి, ఆ పొగ మళ్లీ మాంసానికే పడుతుంది. దిబీ రుచి ఆ పొగదే. మన దగ్గర "మటన్" అంటే రెండింటిలో ఏదైనా కావచ్చు కనుక అడిగి తీసుకోండి. దొరక్కపోవడం మాత్రం ఉండదు. 2019 పశుగణనలో దేశంలోకెల్లా గొర్రెలు ఎక్కువ ఉన్న రాష్ట్రం తెలంగాణ, దాని తర్వాత ఆంధ్రప్రదేశ్. మన నెల్లూరు జాతికి ఉన్ని ఉండదు, పొట్టి వెంట్రుకలే. సెనెగల్ గొర్రెలూ అలాంటివే. అక్కడ లదూమ్ అని ఒక జాతి ఉంది. ఎత్తుగా, ఠీవిగా ఉంటాయి. మన వైపు ఒంగోలు గిత్తల్ని చూసుకున్నట్టు కడిగి, దువ్వి, ముద్దుగా పెంచుతారు. ధర లక్షల్లో పలుకుతుంది. దిబీ కొట్టుకు వచ్చేవి మామూలు పొట్టేళ్లు, ఫెర్లో బీళ్లలో పుల్ తెగ కాపరులు మేపినవో, సరిహద్దు దాటి మాలీ, మౌరిటానియాల నుంచి వచ్చినవో.

నలుగురికి ఎముకతో కలిపి కిలోన్నర చాలు. ఎనిమిది, పది కిలోలు తూగే లేత యాట అయితే మేలు. అందులో పక్కటెముకలు, సీనా, ముందుకాలి పైభాగం అడగండి. తొడ ఒక్కటే తీసుకుంటే కొవ్వు చాలదు. అన్నిటికన్నా ముఖ్యం: కొట్టించొద్దు. మన మాంసం కొట్లో కత్తి అలవాటు కొద్దీ కూర ముక్కలు కొట్టేస్తుంది, మీరు డబ్బులు తీసేలోపే అయిపోతుంది. కనుక తూచకముందే చెప్పండి. పక్కటెముకలు మూడు నాలుగు కలిపి ఒకే పలకగా, భుజం రెండు మూడు పెద్ద తునకలుగా కావాలి. అరచేయంత వెడల్పు, రెండు వేళ్ల మందం. ముక్కలు కొట్టడం ఉంటుంది, అది కాలిన తర్వాత.

కొవ్వు తీసేయొద్దు. మరీ మందంగా ఉన్న చోట కత్తి మొనతో గాట్లు పెడితే చాలు.

ఉప్పు

కడిగిన మాంసాన్ని బట్టతో తడి లేకుండా అద్దండి. తడి ఉంటే కాలదు, ఉడుకుతుంది. కిలోన్నరకు మూడు టీ చెంచాల కల్లుప్పు పొడి, ఒక చెంచా మిరియాలు కచ్చాపచ్చాగా దంచినది, అన్ని వైపులా రుద్ది గంటసేపు బయటే ఉంచండి. ఎండాకాలం మధ్యాహ్నమైతే అరగంట చాలు. సెనెగల్‌లో చాలా ఇళ్లలో మ్యాగీ బిళ్ల ఒకటి చిదిపి కలుపుతారు. అక్కడ ఆ బిళ్ల పడని వంట అరుదు. నేను వేయను. పండగనాడు ఇంట్లో చేసేవాళ్లు కొందరు ఆవముద్ద, వెల్లుల్లి కూడా ముందే పట్టిస్తారు. అదీ బాగుంటుంది కానీ మొదటిసారి ఉప్పుతోనే చేయండి. మాంసం రుచి ఏమిటో ఒకసారి తెలియాలి.

నిప్పు

సెనెగల్ ఇళ్లలో రేకుతో చేసిన చిన్న బొగ్గుల పొయ్యి ఉంటుంది, ఫుర్నో అంటారు. చూడగానే మా అమ్మమ్మ కుంపటి గుర్తొచ్చింది. కింద బూడిద గూడు, పైన బొగ్గులు, పక్కన గాలికి కంత. కొట్లలోనైతే ఇటుక, మట్టితో నడుమెత్తు కట్టి పైన ఇనుప వల పరుస్తారు. మీరు కుంపటి మీదైనా చేయొచ్చు, నాలుగు ఇటుకల మధ్యైనా. ఇనుప వల మాత్రం గట్టిది కావాలి. జింకు పూత వేసిన పలచటి మెష్ వాడొద్దు, వేడికి ఆ పూత పొగలు కక్కుతుంది.

బొగ్గులు రెండు కిలోలు. మన దగ్గర దొరికే సర్కారు తుమ్మ బొగ్గు చాలా బాగా పనికొస్తుంది, గట్టిగా ఉంటుంది, ఎక్కువసేపు నిలుస్తుంది. గోలీల్లాంటి ఫ్యాక్టరీ బ్రికెట్లు వద్దు. కిరసనాయిలు అసలే వద్దు, ఆ వాసన మాంసానికి పట్టిందంటే ఉప్పూ కారమూ ఏదీ దాన్ని పోగొట్టదు. ఎండు కొబ్బరి పీచు, నాలుగు పుల్లలు, ఒక అగ్గిపుల్ల చాలు. రాజుకునే దాకా విసనకర్రతో విసరండి.

ఇక్కడే తొందరపడతారు. మంట కనిపించగానే మాంసం పెట్టేస్తారు. మంట మీద కాల్చకూడదు, నిప్పు మీద కాల్చాలి. బొగ్గులు ఎర్రబడి, ఆ ఎరుపు మీద తెల్లటి నివురు పరుచుకునే దాకా ఆగండి. ఇరవై ఐదు నిమిషాల నుంచి అరగంట పడుతుంది. నివురుగప్పిన నిప్పు అని మనం ఎవరినో ఉద్దేశించి అంటుంటాం కానీ, వంటవాడికి కావలసింది అచ్చంగా అదే. వలకు జానెడు పైన అరచేయి పెట్టి చూడండి. రెండు లెక్కపెట్టేలోపు చెయ్యి లాగేస్తే వేడి ఎక్కువ. నాలుగైదు దాకా ఓర్చుకోగలిగితే సరిపోయింది.

అప్పుడు బొగ్గుల్ని ఒక పక్కకు పోగు చేయండి. మూడింట రెండు వంతులు ఒక వైపు, రెండో వైపు పలచగా. ఒకటి కాల్చే వైపు, ఇంకొకటి మగ్గే వైపు. కొట్టులోని పెద్దాయన చేతిలో ఎప్పుడూ ఒక ఇనుప కడ్డీ ఉండేది. ఆయన మాంసాన్ని అంతగా కదిపేవాడు కాదు, మాటిమాటికీ నిప్పుల్నే సర్దేవాడు.

ఒక హెచ్చరిక. ఇదంతా ఆరుబయట చేయాల్సిన పని. మూసిన గదిలో, అద్దాలు బిగించిన బాల్కనీలో బొగ్గులు రాజేయొద్దు. పొగ కనిపించకపోయినా బొగ్గుల నుంచి కార్బన్ మోనాక్సైడ్ వస్తూనే ఉంటుంది, దానికి వాసన ఉండదు, మనిషిని చంపుతుంది. పిల్లల్ని కుంపటికి దూరంగా ఉంచండి.

బొగ్గులు రాజుకునేలోపు ఉల్లిపాయ పని

నాలుగు పెద్ద ఉల్లిపాయల్ని సగానికి కోసి, నిలువుగా సన్నగా తరగండి. సగం అలాగే పక్కన పెట్టండి, అవి చివర్లో మాంసంతో కలవాలి. మిగతా సగానికి అర చెంచా ఉప్పు చల్లి నలిపి, రెండు పెద్ద చెంచాల ఆవముద్ద, ఒక నిమ్మకాయ రసం, మిరియాల పొడి, రెండు చెంచాల వేరుశనగ నూనె కలపండి. పావుగంటలో ఉల్లిపాయ ఘాటు తగ్గి, ఆవ ఘాటు పైకొస్తుంది.

ఆవముద్ద అంటే సూపర్ మార్కెట్లో సీసాల్లో దొరికే ఫ్రెంచి రకం, డీజోన్ పేరుతో ఉంటుంది. ఫ్రెంచివాళ్ల పాలనలో వచ్చి అక్కడి వంటింట్లో స్థిరపడిపోయింది. అది లేకుండా దిబీ పొట్లం ఊహించలేం. దొరక్కపోతే రెండు చెంచాల ఆవాల్ని వెనిగర్‌లో రాత్రంతా నానబెట్టి, ఉప్పు వేసి మెత్తగా రుబ్బండి. ఆవకాయ పిండి పొడిగా చల్లితే మాత్రం చేదెక్కుతుంది, నేను చేసి చూశాను.

మిరపకాయ దగ్గర ఒక ఇబ్బంది ఉంది. అక్కడి కాని, అంటే మిరపకాయ, పొట్టిగా, ముడతలు పడి, చిన్న లాంతరులా ఉంటుంది. కారంతోపాటు పండు వాసన వస్తుంది. హాబనేరో దొరికితే అదే కుటుంబం. లేదంటే రెండు పచ్చిమిరపకాయలు చాలు. గుంటూరు ఎండుకారం పక్కన గిన్నెలో పెట్టుకోండి, మాంసం మీద చల్లొద్దు, మాడిపోతుంది.

కాల్చడం

మాంసాన్ని కొవ్వు వైపు కిందికి ఉండేలా వేడెక్కువ ఉన్న వైపు వేయండి. మూడు నిమిషాలు ముట్టుకోకండి. అంటుకున్న ముక్కను లాగితే చిరుగుతుంది, సరిగ్గా కాలితే అదే వదులుతుంది. తిప్పి ఇంకో మూడు నిమిషాలు. ఈ దశలో కొవ్వు కారి మంట లేస్తుంది. నీళ్లు కొట్టకండి, బూడిద ఎగిరి మాంసానికి అంటుతుంది. ముక్కను పట్టకారుతో పలచటి వైపుకు జరపండి, మంట తనంతట తానే అణుగుతుంది.

రెండు వైపులా రంగు తిరిగాక అన్నిటినీ మగ్గే వైపుకు చేర్చండి. పైన ఒక రేకు పళ్లెం బోర్లిస్తే పొగ లోపల తిరుగుతుంది. పక్కటెముకల పలకకు ఇరవై నిమిషాలు, భుజం తునకలకు అరగంటో, ఇంకొంచెం ఎక్కువో. మధ్యలో రెండుసార్లు తిప్పితే చాలు. ఎముక పక్కన కత్తి మొన గుచ్చితే కారే నీరు ఎర్రగా కాక తేటగా ఉండాలి. థర్మామీటరు ఉంటే 75 డిగ్రీల సెల్సియస్. ఫ్రెంచివాళ్ల ఆవముద్ద తీసుకున్నారు కానీ, లోపల గులాబీ రంగు మిగిలేలా కాల్చే అలవాటు దిబీ కొట్లకు రాలేదు. ఇక్కడ మాంసం పూర్తిగా కాలాలి, అంచులు కరకరలాడాలి.

కాలేజం (లివర్) దొరికితే దాన్ని అన్నిటికన్నా ముందు కాల్చి తినేయండి. దీని వెనక ఒక పండగ ఉంది. బక్రీదును సెనెగల్‌లో తబాస్కి అంటారు. ఉదయం నమాజు అయ్యాక పొట్టేలును కోస్తారు, ఆ రోజు మొదట నిప్పు మీదికెళ్లేది కాలేజమే. మగవాళ్లు ఇంకా మాంసం పాళ్లు వేస్తుండగానే, వేడి ముక్కలు ఉల్లిపాయతో రొట్టెలో పెట్టి పిల్లల చేతికిస్తారు. తర్వాత పక్కటెముకలు. మధ్యాహ్నానికి వీధి వీధంతా ఒకే పొగ. పొరుగున క్రైస్తవులుంటే వాళ్లింటికి మాంసం పళ్లెం వెళ్తుంది. గుడ్ ఫ్రైడేకి వాళ్లు సజ్జలు, వేరుశనగ, బావోబాబ్ పండు గుజ్జుతో చేసిన ఎన్గలాఖ్ గిన్నెలు పంపించి బాకీ తీర్చుకుంటారు. కాలేజానికి సన్నగా ఉప్పు చల్లి, ఒక్కో వైపు రెండు నిమిషాలు. అంతకు మించితే రబ్బరే.

కొట్టడం, కలపడం

ఇక అసలు ఘట్టం. కాలిన మాంసాన్ని ఐదు నిమిషాలు ఆగనిచ్చి, చెక్క మొద్దు మీద పెట్టి బరువైన కత్తితో ఎముకతో సహా కొట్టండి. ముక్క బొటనవేలంత. కొట్టులో ఆయన కత్తి చప్పుడు ఒక లయలో వచ్చేది. పది పదిహేను దెబ్బలు, కత్తి వాదరతో ముక్కల్ని పక్కకు తోయడం, మళ్లీ దెబ్బలు. ఒకే పలకలో కరకరలాడే అంచు, మెత్తటి నడిమి, కొవ్వు, ఎముక నాలుగూ ఉంటాయి. కొట్టి కలిపాక ప్రతి పిడికిట్లోకీ అన్నీ వస్తాయి. అందుకే ముందు కొట్టొద్దన్నాను. ముందే చిన్న ముక్కలు చేసి కాలిస్తే అన్నీ ఒకేలా ఎండిపోతాయి.

ముక్కల్లో పక్కన పెట్టిన పచ్చి ఉల్లిపాయ తరుగు కలిపి, ఇనుప పెనంలో వేసి మళ్లీ నిప్పు మీద మూడు నాలుగు నిమిషాలు ఉంచండి. ఉల్లిపాయ సగం వాడి, సగం కరకరలాడుతూ, మాంసం కొవ్వు పీల్చుకుని మెరుస్తుంది. అప్పుడు దించేయండి.

గోధుమరంగు దళసరి కాగితం పరిచి, మాంసం కుప్ప పోసి, ఒక మూల ఆవముద్ద ఒక చెంచా, ఇంకో మూల కారం పెట్టి మడవండి. రెండు నిమిషాలు అలాగే వదిలేస్తే ఆవిరికి ఉల్లిపాయ ఇంకాస్త మెత్తబడుతుంది. పాత న్యూస్ పేపర్ మాత్రం వాడకండి, సిరా కొవ్వుకు అంటుకుంటుంది. మన దగ్గర బజ్జీల బండి వాళ్లకూ ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ఇదే చెబుతోంది. అరటాకు ఉంటే అంతకన్నా ఏముంది. అక్కడ నాకు దొరకలేదు కానీ, మీకు దొరుకుతుందిగా.

పళ్లాలు తీయకండి. కాగితం మధ్యలో విప్పి, చుట్టూ కూర్చుని కుడిచేత్తో తినాలి. పక్కన రొట్టె, వొలోఫ్‌లో మ్బురు, ఫ్రెంచివాళ్ల పొడవు రొట్టె లాంటిది. మన బేకరీ బన్ను తియ్యగా ఉంటుంది, పనికిరాదు. తందూరీ రొట్టె నయం. దారిన పోయే మనిషి కనిపిస్తే "కాయ్ లెక్" అనండి, రండి తినండి అని. అక్కడ తింటూ అలా పిలవకపోతే తప్పు.

హౌసా పొడి

మసాలా లేకుండా మీ ఇంట్లోవాళ్లు ఒప్పుకోరని నాకు తెలుసు. దానికీ దారి ఉంది. హౌసా కొట్లలో కంకంకన్ అనే పొడి కాగితం మీద పక్కన పోస్తారు, ముక్క అద్దుకు తినడానికి. అందులో ప్రధానం నూనె తీసిన వేరుశనగ. కప్పు వేరుశనగ గింజల్ని వేయించి పొట్టు తీసి దంచి, బట్టలో మూటకట్టి నూనె కారేలా గట్టిగా పిండండి. మిగిలిన చెక్కను పొడిచేసి, అందులో చెంచా శొంఠి, రెండు చెంచాల కారం, రెండు లవంగాల పొడి, ఉప్పు కలపండి. మన పల్లీ కారప్పొడికి పెదనాన్న కొడుకులా ఉంటుంది. తిన్న మొదటిరోజే నేను అన్నం, నెయ్యి వెతుక్కున్నాను. గుర్తుపెట్టుకోవాల్సింది ఒకటే, ఇది కాలిన తర్వాత అద్దుకునేది. నిప్పు మీద వేరుశనగ మాడితే చేదు.

తాగడానికి

కొట్టు పక్కన సీసాల్లో ముదురెరుపు బిస్సాప్ అమ్మేవారు. ఆ ఎరుపు దేనిదని అడిగితే ఎండిన పూలరెక్కల్లాంటివి చేతిలో పోశారు. గోంగూర కాయల తొడుగులు! మనం ఆకు తిని కాయ వదిలేస్తే, వాళ్లు కాయ మీది ఎర్ర తొడుగుతో పానకం చేస్తారు. ఆకునూ వదలరు, నలిపి పుల్లటి ముద్ద చేసి చేపలన్నం పక్కన పెట్టుకుంటారు. ఇంటికి ఫోన్ చేసి చెబితే అమ్మ నమ్మలేదు.

ఎండినవి గుప్పెడున్నర, లీటరు నీళ్లు, పది నిమిషాలు మరిగించి వడకట్టండి. ముప్పావు కప్పు చక్కెర, నలిపిన పుదీనా వేసి బాగా చల్లార్చండి. కొవ్వు మాంసానికి ఆ పులుపు సరిగ్గా సరిపోతుంది.

తినడం అయ్యాక నిప్పులు ఇంకా ఉంటాయి. వాటిని వృథా చేయరు, చిన్న కెటిల్ పెట్టి అతాయా కాస్తారు. గింజల్లా చుట్టిన చైనా ఆకుపచ్చ టీ ఆకు గుప్పెడు, చిన్న గ్లాసు చక్కెర, కాసిని నీళ్లు. గ్లాసులోంచి గ్లాసులోకి ఎత్తి పోస్తూ నురగ కట్టిస్తారు, మన ఫిల్టర్ కాఫీ తిరగబోసినట్టే. అదే ఆకు మీద మళ్లీ నీళ్లు, మళ్లీ చక్కెర, పుదీనా పోసి మూడు విడతలు ఇస్తారు. మొదటిది చేదు, రెండోది తీపి, మూడోది ఇంకా తీపి. గంట పైనే పడుతుంది, మధ్యలో లేచి వెళ్తే బాగుండదు. మూడో గ్లాసు అయ్యాక బొగ్గుల మీద ఇసుక పోసి, చెయ్యి పెట్టినా వెచ్చదనం తగలకుండా చల్లారాయని చూసుకుని లోపలికి వెళ్లండి. ఆరిన బొగ్గులు ఏరి డబ్బాలో దాచండి, వచ్చేసారి కొత్త వాటికన్నా అవే ముందు అంటుకుంటాయి.